గాట్లీబ్ పిన్‌బాల్ యంత్రాలు: కొనేముందు, కొన్నాక

పెరటిగోళీ
అందరికీ నమస్కారం. ఇల్లినాయిలో గాట్లీబ్ వాళ్ళ సింగిల్ ప్లేయర్ పిన్‌బాల్ (వాలుబల్ల మీద బంతిని కొడుతూ ఆడే నాణేల ఆట) ఒకటి బేరానికి ఉంది. 1960ల నాటిదంటున్నారు. ప్లగ్ పెడితే లైట్లు వెలుగుతాయట, ఆట మాత్రం మొదలవదట. అసలీ కంపెనీ సంగతేమిటి? ఏం చూసి కొనాలి? తర్వాత హైదరాబాద్ తీసుకెళ్ళాలంటే 230 వోల్టుల మీద నడుస్తుందా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కోస్ట్నర్ వీధి
ముందు కంపెనీ సంగతి. డేవిడ్ గాట్లీబ్ 1927లో షికాగోలో పెట్టాడు. పైసా పెట్టి ఆడే బల్ల మీది ఆటలు అప్పటికే ఉన్నా, 1931లో వచ్చిన బాఫుల్ బాల్ దాన్ని పెద్ద పరిశ్రమ చేసేసింది. ధర 17.50 డాలర్లు. 50,000కు పైగా అమ్ముడుపోయాయి. కరెంటు లేదు, తగిలిన బంతిని తిప్పికొట్టే బంపర్లు లేవు, బొత్తాం నొక్కితే బంతిని కొట్టే ఫ్లిప్పర్లు లేవు. స్ప్రింగు కడ్డీ లాగి వదలడం, మేకుల మధ్య గోళీ ఏ కప్పులో పడిందో చూసి నోటిలెక్క వేసుకోవడం, అంతే. మాంద్యం రోజులు కదా, ఒక్క సెంటు ఖర్చుతో కాసేపు కాలక్షేపం.

గిరాకీకి సరిపడా యంత్రాలు అందలేదు. గాట్లీబ్ సరుకు అమ్మే రేమండ్ మలోనీ చూసి చూసి 1932లో తానే బాలీహూ తయారు చేయించాడు. బాలీ కంపెనీ పేరు ఆ ఆట నుంచి వచ్చిందే. అంటే గాట్లీబ్ అందించలేనన్ని ఆర్డర్లే అతనికి జీవితకాలం పోటీదారుణ్ణి తయారు చేసి పెట్టాయి.

1947లో హ్యారీ మాబ్స్ రూపొందించిన హంప్టీ డంప్టీ వచ్చింది. కరెంటు ఫ్లిప్పర్లున్న మొదటి పిన్‌బాల్ అదే. పక్కకి మూడు చొప్పున ఆరు ఫ్లిప్పర్లు. ఇప్పుడు మనం చూసేచోట, అడుగున ఎదురెదురుగా ఉండవు. బోర్డు అంచుల దగ్గర ఉండి బయటివైపుకి కొడతాయి. బలం కూడా తక్కువే, ఒక్కదానితో బంతి పైదాకా వెళ్ళదు, కిందినుంచి మెట్టుమెట్టుగా ఎక్కించాలి. అడుగున రెండు ఫ్లిప్పర్లు చాలన్నది మరుసటి ఏడాది జెంకో కంపెనీ ట్రిపుల్ యాక్షన్‌లో స్టీవ్ కోర్డెక్ చేసిన పని.

మీరు చూస్తున్న కాలపు యంత్రాలు షికాగోలోని నార్త్ కోస్ట్నర్ అవెన్యూ ఫ్యాక్టరీవి. తర్వాత నార్త్‌లేక్‌కి మారారు.

చిల్లరపెట్టె
పిన్‌బాల్‌ని కనిపెట్టింది గాట్లీబే కదా? చాలాచోట్ల అలాగే రాస్తారు.

కోస్ట్నర్ వీధి
కాదండీ. సిన్సినాటిలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871లోనే స్ప్రింగు కడ్డీతో గోళీని వదిలే బాగటెల్ (మేకుల మధ్య గోళీ ఆడే) బల్లకి పేటెంటు తీసుకున్నాడు. బాఫుల్ బాల్‌కి ముందు అదే 1931లో బింగో అనే బల్ల ఆట కూడా ఉంది. దాని తయారీదారులతో గాట్లీబ్‌కి పొసగక సొంతంగా బాఫుల్ బాల్ చేశాడు. భారీ ఎత్తున, ఒకేరకంగా, చవగ్గా తయారు చేయడమే ఆయన గొప్పతనం. అదేం చిన్నది కాదు.

రిలే రాముడు
చరిత్ర బాగుంది గానీ, పెరటిగోళీ గారూ, మీకు ముందు కావాల్సింది ఆ యంత్రం ఏ తరానిదో తేల్చుకోవడం. ఏడాది గురించి అమ్మేవాళ్ళ మాట నమ్మకండి. వెనకపెట్టె అద్దం మీద ఆట పేరుంటుంది, దాన్నిబట్టి ఇంటర్నెట్ పిన్‌బాల్ డేటాబేస్‌లో ఏడాది, తయారైన సంఖ్య దొరుకుతాయి. పేరు లేకపోయినా ఇలా పోల్చుకోవచ్చు:

పైఅద్దం చుట్టూ చెక్క పట్టీలు, అంకెలు గుండ్రంగా తిరగకుండా అద్దం వెనక బల్బులతో వెలుగుతుంటే అది 1950ల సరుకు. వీటిని వుడ్‌రైల్ అంటారు. స్టీలు పట్టీలు, తిరిగే అంకెల రీళ్ళు ఉంటే 60లు ఆ తర్వాత. వెనకపెట్టె కింద సన్నగా, పైకి పోనుపోను వెడల్పుగా ఉంటే వెడ్జ్‌హెడ్. అది గాట్లీబ్ సింగిల్ ప్లేయర్లకే ప్రత్యేకం, దూరం నుంచే తెలిసిపోతుంది. అంకెలు ఎలక్ట్రానిక్ డిస్‌ప్లే మీద వస్తే 1977 క్లియోపాత్రా నుంచి మొదలైన రకం, ఈ చర్చలో వాటి జోలికి వెళ్ళొద్దు. ఆ బోర్డుల జబ్బులు వేరు, మందులు వేరు.

ఇంకో సంగతి. ఒకే ఆటని గాట్లీబ్ రెండు పేర్లతో తెచ్చేవాడు. గెలిస్తే ఉచిత ఆట ఇచ్చేది ఒకటి, అదనపు బంతి ఇచ్చేది ఇంకొకటి. ఉచిత ఆట విలువైన బహుమతి కిందకి వస్తుంది కాబట్టి జూదమేనని కొన్నిచోట్ల అధికారులు పట్టుకునేవారు. దానికి విరుగుడుగా 1960లో ఫ్లిప్పర్ అనే ఆటతో అదనపు బంతి పద్ధతి తెచ్చారు. 1965 బకరూ ఉచిత ఆట రకం, కౌ పోక్ దానికి జోడీ. స్కీమాటిక్ (వైరింగు పటం) కొనేటప్పుడు సరైన పేరుకే కొనండి, రెండింటి వైరింగూ ఒకటి కాదు.

సిల్వర్ కాంటాక్ట్
బేరం ఆడే ముందు చూడాల్సినవి నేను చెప్తాను. మరమ్మతుకి లొంగనివాటినే ముందు చూడాలి.

1. వెనకపెట్టె అద్దం. బొమ్మ అద్దం వెనకవైపు ముద్రించి ఉంటుంది. రంగు పెచ్చులు లేస్తోందా చూడండి. గాట్లీబ్ చిత్రకారుడు రాయ్ పార్కర్ వేసిన బొమ్మలున్న అద్దాలకి విడిగా గిరాకీ ఉంది. పోతే అదే బొమ్మ మళ్ళీ దొరకడం కష్టం. వెనకవైపు ఎట్టి పరిస్థితుల్లోనూ తుడవొద్దు. తడిగుడ్డ కూడా వద్దు, రంగు గుడ్డకే వచ్చేస్తుంది.

2. ఆటబల్ల పలక. ఫ్లిప్పర్ల ముందు, బంపర్ల చుట్టూ, బంతి దొర్లి బయటికొచ్చే దారిలో రంగు అరిగి చెక్క కనపడుతోందా? ఒకటి రెండు రూపాయి బిళ్ళలంత అయితే ఫరవాలేదు. పొడుగ్గా గీసినట్టు అరిగి ఉంటే ధర సగానికి తగ్గించి మాట్లాడండి.

3. అడుగు తలుపు తెరిచి స్కోరు మోటారు, రిలేల (కరెంటుతో కదిలే స్విచ్‌ల) బల్ల చూడండి. వైర్లు కత్తిరించి ముడివేసినట్టుందా? ఎవరో తెలివితేటలు చూపించారన్నమాట. దుమ్ము, మురికి, బూజు ఉంటే భయపడకండి. కత్తిరించిన వైర్లకే భయపడాలి. ఎవరూ ముట్టుకోని యంత్రం, ఎవరో సగం బాగుచేసిన యంత్రం, రెండూ ఉంటే ముట్టుకోనిదే కొనండి.

4. పెట్టె కాళ్ళు బిగించే మూలలు. చెక్క చీలి ఉంటే కాలు నిలవదు.

లైట్లు వెలిగి ఆట మొదలవకపోవడం ఈ యంత్రాల్లో మామూలు. దాన్ని చూపించి ధర తగ్గించండి, కానీ దానికోసం వదులుకోకండి.

పెరటిగోళీ
ధన్యవాదాలు అక్కా. అద్దం బాగానే ఉంది, వైర్లు ఎవరూ కత్తిరించలేదు. తీసుకున్నాను. స్టార్టు నొక్కితే కింద మోటారు తిరగడం మొదలెట్టి ఆగడం లేదు. అంకెల రీళ్ళలో రెండు సున్నాకి వచ్చాయి, పదుల రీలు 4 దగ్గరే టక్ టక్ మంటోంది. దాని కాయిల్ (తీగచుట్ట) వేడెక్కుతోంది, ఆపేశాను.

రిలే రాముడు
ఆపడం మంచిపని. ఈ లక్షణాలకి కారణం అక్కడే కనపడుతోంది, ఇంకెక్కడా వెతక్కండి.

గాట్లీబ్ స్కోరు మోటారు ఒక సైకిల్‌కి పూర్తి చుట్టు తిరగదు, మూడో వంతే తిరుగుతుంది. ఆ మూడో వంతులోనే ఐదు పల్సులు (క్షణంపాటు వచ్చే కరెంటు) ఇస్తుంది. స్కీమాటిక్‌లో 1ఏ, 4సీ అని రాసి ఉండేవి ఈ మోటారు మీది స్విచ్‌లే. కొత్త ఆట మొదలైనప్పుడు సున్నా మీద లేని ప్రతి రీలుకీ మోటారు పల్సులు పంపుతుంది. ఒక్కో పల్సుకి రీలు ఒక్కో అంకె కదలాలి. అంటే ఏ రీలుకైనా మహా అయితే తొమ్మిది పల్సులు, రెండు సైకిళ్ళు చాలు. సున్నాకి రాగానే రీలు మీది సున్నా స్విచ్ తెరుచుకుంటుంది, ఇక పల్సు రాదు. అన్నీ తెరుచుకుంటేనే మోటారు ఆగుతుంది.

మీ పదుల రీలుకి పల్సు వస్తోంది, అందుకే టక్ మంటోంది. కదలట్లేదు, అందుకే 4 దగ్గర ఆగింది. కాబట్టి వైరింగు తప్పు కాదు, రీలు బిగుసుకుంది. ప్లగ్ పీకేసి, రీలు యూనిట్ బయటికి తీసి, ప్లంజర్‌ని (కాయిల్ లోపలికి లాగే కడ్డీని) వేలితో నొక్కి వదలండి. నొక్కినప్పుడు పళ్ళచక్రాన్ని పట్టుకునే కొక్కెం తర్వాతి పంటి మీదకి దాటాలి. వదిలినప్పుడు స్ప్రింగు చక్రాన్ని ఒక అంకె ముందుకి లాగాలి. ఏ సగంలో ఆగుతోందో చూస్తే కారణం తెలిసిపోతుంది: మొదటి సగమైతే ప్లంజర్ కాయిల్ గొట్టంలో ఇరుక్కుంది, రెండో సగమైతే ఇరుసు మీద గ్రీజు గట్టిపడింది లేదా స్ప్రింగు సాగిపోయింది.

చిల్లరపెట్టె
కాస్త తుప్పు వదిలే స్ప్రే కొడితే పోదూ? తలుపు కీళ్ళకి కొట్టేది.

సిల్వర్ కాంటాక్ట్
కొట్టొద్దు, కొట్టొద్దు, కొట్టొద్దు. ఇప్పుడు రెండ్రోజులు బాగా తిరుగుతుంది. తర్వాత ఆ నూనె దుమ్ముతో కలిసి జిగురవుతుంది. అసలు ఇప్పుడు బిగుసుకోవడానికి కారణమే యాభై ఏళ్ళ కిందట ఎవరో పూసిన గ్రీజు. పైగా స్విచ్ కాంటాక్టుల మీద పడితే నిప్పురవ్వకి నూనె మాడి నల్లపొర కడుతుంది. ఫైబరు ముక్కల్లోకి ఇంకితే అంటుకునే ప్రమాదం కూడా.

చేయాల్సింది ఇది. రీలు గానీ స్టెప్పర్ (పల్సుకో మెట్టు కదిలే యూనిట్) గానీ విప్పేముందు ఫోటోలు తీసుకోండి. చుట్టల స్ప్రింగు ఉంటే విప్పేటప్పుడు ఎన్ని చుట్లు వదిలిందో లెక్కపెట్టుకోండి, తిరిగి అన్నే చుట్లు బిగించాలి. ఎక్కువైతే కాయిల్‌కి లాగే బలం చాలదు, తక్కువైతే యూనిట్ సున్నాకి తిరిగిరాదు. లోహపు ముక్కలన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. ఇరుసు, అది దూరే బెజ్జం రెండూ మెరవాలి. కాయిల్ గొట్టం, ప్లంజర్ ఒట్టిగానే ఉండాలి, అక్కడ నూనె చుక్క కూడా పడకూడదు. స్టెప్పర్ ముఖం మీద రాగి రివెట్లు నల్లబడి ఉంటే పచ్చరంగు గిన్నెలు తోమే పీచుతో మెల్లగా రుద్ది, ఆల్కహాల్‌తో తుడవండి. గీతలు పడేలా రుద్దితే వేళ్ళలాంటి బ్రష్ కాంటాక్టు ఆ గీతల్లో తట్టుకుంటుంది.

రిలే రాముడు
దానికి ఒక్క మినహాయింపు. స్టెప్పర్ రివెట్ల మీద టెఫ్లాన్ గ్రీజు వేలికొసకి అంటేంత పలచగా పూస్తే అరుగుదల తగ్గుతుంది. ఇక్కడ సిల్వర్ గారితో నాకు ఏకీభావం లేదని ముందే తెలుసు :)

సిల్వర్ కాంటాక్ట్
లేదు, ఉండబోదు. "పలచగా" అన్నది చదివినవాళ్ళు వెన్నలా పూస్తారు, అదీ బాధ.

పెరటిగోళీ
రీలు కడిగి పెట్టాను, ఇప్పుడు మోటారు ఆగుతోంది, బంతి పైకొస్తోంది. రెండు సమస్యలు మిగిలాయి. పదుల రీలు 9 నుంచి 0కి వచ్చినప్పుడు వందల రీలు ఒక్కోసారి కదలదు. ఇంకోటి, కుడి ఫ్లిప్పర్ చచ్చుగా ఉంది.

రిలే రాముడు
మొదటిది తేలిక. పదుల రీలు మీద సున్నా స్విచ్ కాక తొమ్మిది స్విచ్ అని ఇంకోటి ఉంటుంది. రీలు 9 మీద ఉన్నప్పుడు అది మూసుకుంటుంది. తర్వాతి పల్సు దానిగుండా వందల రీలుకీ వెళ్ళాలి. "ఒక్కోసారి" అన్నారు కాబట్టి స్విచ్ మురికిగా ఉంది లేదా సరిగ్గా మూసుకోవట్లేదు. రీలు 9 మీద పెట్టి చూడండి: కాంటాక్టులు తాకడమే కాదు, తాకాక పొట్టి రేకుని కొంచెం తోసుకుపోవాలి. ఆ కాస్త తోపుడే కాంటాక్టుని తనంతట తాను తుడుచుకునేలా చేస్తుంది. తెరిచి ఉండాల్సినప్పుడు సందు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటే చాలు. వంచేముందు స్విచ్ రేకుల దొంతర స్క్రూలు బిగించండి. వదులుగా ఉన్న దొంతరని ఎంత వంచినా మళ్ళీ పాతస్థితికే వస్తుంది. కదిలే పొడుగు రేకుని కాక, నిలిచుండే రేకుని మొదలు దగ్గర వంచండి.

సిల్వర్ కాంటాక్ట్
శుభ్రం చేసే పద్ధతి కూడా రాస్తే పోలా. కాంటాక్టుల్లో రెండు జాతులు. రిలేలు, రీళ్ళు, మోటారు మీదివి వెండివి, మెత్తన. వాటికి సన్నని వంగే ఆకురాయి, అదీ ఒకటి రెండుసార్లు లాగితే చాలు. గరుకు కాగితం వాడొద్దు, రాపొడి కాంటాక్టులోనే ఇరుక్కుంటుంది. ఫ్లిప్పర్ బొత్తాలవి, ఫ్లిప్పర్ కింద ఉండే ఎండ్ ఆఫ్ స్ట్రోక్ స్విచ్‌వి టంగ్‌స్టన్. ఎక్కువ కరెంటు పోతుంది కాబట్టి గట్టివి. వాటిని లోహపు ఆకురాయితోనే రాయాలి, సన్నదానికి లొంగవు. రెండు రకాలకీ ఒకే ఆకురాయి వాడితే వెండివి నెలరోజుల్లో మొండివైపోతాయి.

ఫ్లిప్పర్ శాస్త్రి
చచ్చు ఫ్లిప్పర్ నా వాటా.

చాలామంది కాయిల్ పోయిందనుకుని మార్చేస్తారు. కాయిల్ బాగానే ఉంటుంది. ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం సమస్య తీరినట్టే. ఆ కాయిల్‌లో రెండు చుట్టలుంటాయి. ఒకటి లావు తీగ, కొద్ది ఓమ్‌లు, బంతిని కొట్టే బలం దానిది. రెండోది సన్నతీగ, ఓమ్‌లు ఎక్కువ, ఫ్లిప్పర్‌ని ఎత్తి పట్టుకోవడానికి. ఎండ్ ఆఫ్ స్ట్రోక్ స్విచ్ మామూలుగా మూసి ఉండి సన్న చుట్టని పక్కకి తప్పిస్తుంది. బొత్తాం నొక్కగానే కరెంటంతా లావు చుట్టలోంచే పోయి ఫ్లిప్పర్ గట్టిగా లేస్తుంది. పైకొచ్చాక స్విచ్ తెరుచుకుని సన్న చుట్ట వరసలో కలుస్తుంది, కరెంటు తగ్గుతుంది. స్విచ్ మాడిపోయి మొదట్లోనే సరిగ్గా మూసుకోకపోతే కొట్టేటప్పుడు కూడా సన్న చుట్ట అడ్డం ఉంటుంది, అదే చచ్చుదనం. అసలు తెరుచుకోకపోతే ఫ్లిప్పర్ బలంగానే ఉంటుంది గానీ, బొత్తాం పట్టుకుని ఉంచితే కాయిల్ పొగలొస్తుంది. ఫ్లిప్పర్ పూర్తిగా లేచే చివరి క్షణంలో స్విచ్ తెరుచుకోవాలి, అప్పుడు సందు 3 మిల్లీమీటర్లు ఉంటే మంచిది.

ఈ వరసలో పోండి: రబ్బరు ఉంగరం గట్టిపడిందా, స్విచ్ రాసి సరిచేయడం, బొత్తాం కాంటాక్టులు రాయడం, తర్వాత కాయిల్ గొట్టం తీసి చూడటం. పాతవాటికి లోహపు గొట్టం ఉంటుంది, కాలక్రమంలో నొక్కుకుపోయి బయటికి రాదు. వీలైనంత జాగ్రత్తగా తీసి నైలాన్‌ది వేయండి. ప్లంజర్ కొస పుట్టగొడుగులా పరుచుకుని ఉంటే ఆకురాయితో అంచు రాసేయండి. ఫ్లిప్పర్‌కీ ఆటబల్లకీ మధ్య ఒక కాగితం మందం సందు ఉంచండి, లేకపోతే పలక గీసుకుపోతుంది. ఎత్తిపట్టినప్పుడు గీపెడుతుంటే కాయిల్ చివర ఆపుడుముక్క స్క్రూలు వదులైనట్టు. ఇవి ఏసీ కాయిల్స్, ఆపుడుముక్క కూడా ఏసీదే వేయాలి. డీసీ యంత్రాలది వేస్తే గీపెట్టడం ఆగదు.

కొలత ఒకటి. ఈ కాలపు యంత్రాలకి వాలు మూడున్నర డిగ్రీలు. సుమారు 41 అంగుళాల బల్లకి వెనక వైపు రెండున్నర అంగుళాల ఎత్తు. కొత్త యంత్రాల్లా ఆరున్నర డిగ్రీలు పెడితే ఈ ఫ్లిప్పర్లు ఎంత బాగుచేసినా చచ్చుగానే అనిపిస్తాయి.

చిల్లరపెట్టె
బల్బులన్నీ తీసేసి ఎల్ఈడీలు వేయమంటారా?

సిల్వర్ కాంటాక్ట్
అసలు బల్బులు నంబర్ 44, ఒక్కోటి 6.3 వోల్టులు, 250 మిల్లీ ఆంపియర్లు. వాటి బదులు నంబర్ 47 వేస్తే 150. నలభై బల్బులకి 4 ఆంపియర్లు మిగులుతాయి, పాతిక వాట్ల వేడి తగ్గుతుంది. అద్దం వెనక రంగుకి ఆ వేడే శత్రువు. 47తో సరి. ఎల్ఈడీ వేస్తే పార్కర్ బొమ్మ మీద చుక్కచుక్కగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ఏసీ మీద మినుకుమంటుంది కూడా. అయినా మీ ఇష్టం. బల్బు మినుకుమంటే ముందు సాకెట్‌ని అనుమానించండి.

పెరటిగోళీ
ఫ్లిప్పర్ శాస్త్రి గారూ, స్విచ్ రాయగానే ప్రాణం లేచొచ్చింది. ఇక హైదరాబాద్ ప్రశ్న.

కోస్ట్నర్ వీధి
ఇది 115 వోల్టులు, 60 హెర్ట్జ్ యంత్రం. నేరుగా 230కి పెడితే మొదటి సెకనులోనే ఫ్యూజు, అది ఎవరైనా రేకు చుట్టిన ఫ్యూజయితే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. బయట స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, 500 నుంచి 750 వీఏ (వోల్ట్ ఆంపియర్లు). రెండు చుట్టలూ విడివిడిగా ఉండే రకమే కొనండి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ అయితే మెయిన్స్ నుంచి వేర్పాటు ఉండదు.

వోల్టు సరిచేసినా హెర్ట్జ్ మారదు. 50 మీద స్కోరు మోటారు ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది. 50 పాయింట్లు పడేటప్పుడు ఐదు టకటకలు కాస్త సాగినట్టు వినపడతాయి, ఆటకి నష్టం లేదు. కాయిల్స్ మాత్రం 50 హెర్ట్జ్ దగ్గర కొంచెం ఎక్కువ కరెంటు లాగుతాయి, వేడెక్కుతాయి. మీ ఇంట్లో 240 పైనే వస్తుంటే ముందు స్టెబిలైజర్ పెట్టండి.

మరొకటి తప్పనిసరి. ఈ కాలపు చాలా యంత్రాలకి రెండు పిన్నుల తీగే ఉంటుంది, ఎర్త్ లేదు. పైన స్టీలు పట్టీలు, స్టీలు కాళ్ళు, నాణేల తలుపు అన్నీ చేతికి తగిలేవే. మూడు పిన్నుల తీగ వేసి, ఎర్త్ తీగని ట్రాన్స్‌ఫార్మర్ చట్రానికీ తలుపుకీ పట్టీలకీ కలపండి. ఫ్యూజు దగ్గర రాసిన విలువే వేయండి, పేలుతోందని పెద్దది వేయొద్దు. గాట్లీబ్ యంత్రాల్లో చాలావాటికి ఆ విలువలు చీటీ మీద ఉంటాయి. చీటీ చిరిగితే స్కీమాటిక్ చూడండి.

విశాఖ గాలి
హైదరాబాద్ అయితే బతికిపోయారు. సముద్రం పక్క ఊరికి తెస్తే ఉప్పుగాలికి బంతి తుప్పు పడుతుంది, తుప్పు బంతి పలక మీద గరుకు కాగితంలా పని చేస్తుంది. బంతి 1 1/16 అంగుళాలు, సుమారు 80 గ్రాములు, ఖరీదు కొంచెమే, గీత పడితే మార్చేయండి. పలకకి నీళ్ళు తగలనివ్వొద్దు, కార్నౌబా మైనం పల్చగా వేసి తుడవండి. రంగు చిట్లినచోట మైనం తప్ప ఏమీ వాడొద్దు.

చిల్లరపెట్టె
ఒక పక్కప్రశ్న. ఎప్పుడైనా బాఫుల్ బాల్ దొరికితే దానికీ ఇదే పద్ధతా?

కోస్ట్నర్ వీధి
అందులో కరెంటే లేదు కాబట్టి పని వేరు. ముందు గోళీలు: అప్పటివి చాలా చిన్నవి. బెజ్జం కొలిచి దానికి తగ్గవి వేయాలి. ఈనాటి పిన్‌బాల్ బంతి అందులో దూరదు. ఇత్తడి మేకులు వంగి ఉంటే శ్రావణంతో పట్టుకుని ఒక్కసారిగా వంచకండి, మొదలు దగ్గర విరుగుతాయి. కాస్త కాస్తగా నిలబెట్టండి. మేకుల మధ్య దూరమే ఆట, ఒక్కటి పక్కకి వాలినా గోళీ ఎప్పుడూ ఒకే కప్పులో పడుతుంది. మేకులు మెరవాలని పాలిష్ పట్టిస్తే తెల్లపొడి పలకలోకి దిగి మళ్ళీ రాదు. తోయాల్సిన నాణెం పలక ఇరుక్కుంటే బలంగా తోయకుండా విప్పి చూడండి. సాధారణంగా లోపల వంగిన నాణెమో, స్ప్రింగు ముక్కో ఉంటుంది.

రిలే రాముడు
పెరటిగోళీ గారూ, యంత్రం పంపేముందు వెనకపెట్టె విప్పి విడిగా ప్యాక్ చేయండి. కేబుళ్ళ జోన్స్ ప్లగ్‌లకి (పలు పిన్నుల కనెక్టర్లకి) ఒక్కోదానికీ చీటీ కట్టండి, కొన్ని ప్లగ్‌లు ఒకే సైజులో ఉంటాయి, అటుదిటు పెడితే కాయిల్ కాలుతుంది. వెనకపెట్టె అద్దం తీసి, కాగితం పైన నురుగు పలకలు పెట్టి, నిలువుగా పెట్టెలో పెట్టండి. పడుకోబెట్టి పంపిన అద్దాలు పగులుతాయి. బంతి తీసేయడం మర్చిపోకండి, దారిలో అది లోపల దొర్లుతూ రిలేల మీద పడుతుంది.

పెరటిగోళీ
నోట్ చేసుకున్నాను. లోలకం టిల్ట్ (యంత్రాన్ని కుదిపితే ఆట ఆపేసే స్విచ్) గురించి అడగడం మర్చిపోయాను, చెయ్యి తగిలితే చాలు ఆట ఆగిపోతోంది.

ఫ్లిప్పర్ శాస్త్రి
లోలకం బరువు ఉంగరానికి ఒకవైపు ఆనుకుని ఉంటుంది, చూడండి. యంత్రాన్ని అడ్డంగా మట్టం చేయకుండా టిల్ట్ సరిచేయడం దండగ. ముందు మట్టం, తర్వాత బరువుని కాస్త పైకో కిందకో జరిపి సందు సరిచేయండి. తలుపు మీద రేకు స్విచ్ కూడా చూడండి, అది దగ్గరగా ఉంటే నాణెం వేసిన అదురుకే ఆట చస్తుంది.